కుంగని బండి

"నాలుగు వేళ్లు సార్. నాలుగు దూరినాయంటే ఖాళీ బండి. రెండే దూరినాయంటే లోడు. ఇన్నేండ్ల నుంచి ఇదే లెక్క. ఏ బండీ నన్ను మోసం చేయలే."

గేటు గిడ్డయ్య కుడిచేతి వేళ్లు దగ్గరగా చేర్చి డిటెక్టివ్ గురురాజ ముఖం ముందు పెట్టాడు. లావుపాటి వేళ్లు. టైర్ల మసి గోళ్ల కింద నల్లగా దిగబడి ఉంది.

ఆదోని నుంచి యెమ్మిగనూరు పోయే రోడ్డు మీద సరుకు బండ్లు ఆగే గేటు అది. పత్తి, నూనె తీసిన పత్తిగింజల చెక్క, వేరుశనగ, ఏది దాటాలన్నా చీటీ చూపించాలి. గిడ్డయ్య టార్పాలిన్లు విప్పడు. వెనక టైరుకీ, దాని మీది రేకుకీ మధ్య సందులో వేళ్లు పెట్టి చూస్తాడు. బరువుంటే స్ప్రింగులు కుంగుతాయి, సందు తగ్గుతుంది. వేళ్లు చెప్పిందే తీర్పు.

ఊళ్లలో రెండు వర్గాలు కొట్టుకున్నాయని రెండు రోజులుగా ఆ గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లను కూడా నిలబెట్టారు. గురురాజను చూడగానే వాళ్లు సెల్యూట్ కొట్టారు. కర్నూలులో ఉంటూ ప్రైవేటు కేసులు చూసే ఆయన, జిల్లాలో చాలామంది పోలీసులకు తెలిసినవాడే.

"నర్సు మేరి సంగతి చెప్పు గిడ్డయ్యా. నిన్న సాయంత్రం ఆమె బస్సులో పోయిందా, లేదా?"

"పోలే."

"అంత గట్టిగా ఎట్ల చెప్తావు?"

"నా మోకాళ్ల నొప్పులకు మాత్రలిచ్చేది ఆ పిల్లే సార్. దినామూ ఆరు గంటల బస్సు ఈడ ఆగుతుంది. కిటికీలోంచి 'తాతా, మాత్ర ఏసుకున్నావా, పారేసినావా?' అని అరుస్తాది. నిన్న అరుపు లేదు. బస్సెక్కి సూసినా. ఆ పిల్ల లేదు."

గురురాజ నిట్టూర్చాడు. ఆ తెల్లవారుజామునే మేరి తండ్రి యేసేపు యెమ్మిగనూరు నుంచి కర్నూలు వచ్చి ఆయన తలుపు కొట్టాడు. మేరి ఆదోనిలో ఒక నర్సింగ్ హోంలో పని చేస్తుంది. నిన్న మధ్యాహ్నం పత్తి మిల్లు సావుకారి బసవన్న ఇంటికి, తుంటి విరిగిన ఆయన తల్లి రుద్రమ్మను చూడడానికి వెళ్లింది. ఇల్లు చేరలేదు. సాయంత్రం బస్సెక్కి పోయిందని మిల్లువాళ్లు అంటున్నారు. యెమ్మిగనూరు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి వచ్చిన యేసేపు ఒక్కటే అడిగాడు. "నా బిడ్డ బతికుందా సార్? అది చెప్పండి చాలు."

మిల్లు ఈ గేటుకు ఆదోని వైపే, కనుచూపు మేరలో ఉంది. బస్సులో మేరి లేదంటే మిల్లువాళ్ల మాట అబద్ధం, ఆమె మిల్లు దాటి బయటికి రాలేదన్నమాట.

"బసవన్న బండ్లు నిన్న గేటు దాటినాయా?"

"తెల్లబండి దాటింది. చెక్క లోడు, రెండు వేళ్లు. నీలంబండి నిన్న రాలే. అది వారానికొకసారి పోతాది." గిడ్డయ్య నవ్వాడు. "ఎప్పుడు సూసినా నాలుగు వేళ్లే. ఖాళీ బండిని అన్ని తూర్లు యాల తిప్పుతాడో ఆ సావుకారి! డీజిలు ఊరికే వస్తాందేమో."

ఆ మాట గురురాజ మనసులో ముల్లులా దిగింది.

* * *

మిల్లు షెడ్డులో రెండు పికప్ బండ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకే తయారీ, ఒకే వయసు. తెల్లదాని వెనక భాగం చెక్క బస్తాల కింద కూలబడి ఉంది. నీలంది తలెత్తుకుని సమంగా నిలబడి ఉంది.

"రండి స్వామీ, రండి. ఒక ఆడపిల్ల ఎవనితోనో లేచిపోతే కర్నూలు నుంచి డిటెక్టివ్ దిగినాడు!"

బస్తాల వెనక నుంచి రంగనాథ బయటికి వచ్చాడు. బళ్లారిలో ఆయనా ప్రైవేటు డిటెక్టివే. మూడేళ్ల క్రితం ఒక నగల కేసులో గురురాజ ఆయన్ను కోర్టులో అబద్ధాలకోరుగా నిలబెట్టాడు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఇప్పుడు బసవన్న తరఫున మాట్లాడేది ఈయనే.

"సావుకారి ఎక్కడ?"

"బళ్లారి పోయినాడు. ఏం కావాలన్నా నన్నడుగు."

"లేచిపోయిందని ఎవరు చెప్పారు?"

"వయసు చెప్పింది." రంగనాథ బీడీ అంటించుకోబోయి, నీలంబండి వైపు చూసి, ఎందుకో మానేసి జేబులో పెట్టుకున్నాడు. గురురాజ అది గమనించాడు.

"నాకు ఈ బండ్లు చూడాలనుంది."

"చూడు. దాచేదేముంది? సావుకారి తల్లి కోసం పెట్టిన ఖర్చు ఇది. తుంటి విరిగిన ముసలామె, ఈ గుంతల రోడ్డు. పాత కమ్మీ పట్టీల స్ప్రింగులు పీకేసి తెల్లదానికి కాయిల్ స్ప్రింగులు వేయించినాడు, నీలందానికి బొంబాయి నుంచి గాలి తిత్తులు తెప్పించినాడు. ఏది మెత్తగా పోతుందో చూద్దామని రెండు నెలల కిందట పందెం కట్టినట్టు రెండూ నడిపించినాడు. ఆ నర్సే వెనక పడుకుంది. పక్కన చెంబు నిండా నీళ్లు."

"ఏది గెలిచింది?"

"అడగాల్నా? స్ప్రింగు బండి ఖాళీగా ఉంటే గాడిద తన్నినట్టు తంతుంది. చెంబులో సగం నీళ్లు నర్సు మొహం మీదనే పోయినాయి. బస్తాలు వేస్తే మెత్తబడింది గానీ, వెనక భాగం ఇదిగో, ఇట్ల కూలబడింది. గాలి బండిలో చుక్క తొణకలే. ఖాళీగానూ అంతే, లోడుతోనూ అంతే."

"లోడు వేస్తే కుంగలేదా?"

"కుంగితే గాలి బండి ఎందుకవుతుంది?" రంగనాథ గొప్పగా నవ్వాడు. "బరువు పడేకొద్దీ మిషను తిత్తుల్లోకి ఇంకా గాలి కొడతాది. బండి మళ్లీ పాత ఎత్తుకు లేస్తాది. ఏనుగునెక్కించినా బయటికి తెలియదప్పా."

అనేసి చటుక్కున నోరు మూసుకున్నాడు.

గురురాజ ముఖం మారలేదు. గిడ్డయ్య వేళ్లు గుర్తొచ్చాయి. ఎప్పుడు చూసినా నాలుగే. ఆ వేళ్లు స్ప్రింగు బండ్లకు పుట్టిన లెక్క. ఈ బండికి పనికిరావు. ప్రతివారం ఆ గేటు దాటిన 'ఖాళీ' బండి నిజంగా ఏం మోసింది?

ఆయన నీలంబండి వెనక భాగంలోకి ఎక్కాడు. రోగి కోసం చెక్కతో పెట్టెలాంటి మంచం చేయించారు. పైపలకలు తీసి పక్కన పెట్టి ఉన్నాయి. లోపల ఒక మనిషి పడుకునేంత చోటు ఉంది, ఎవరూ లేరు. ఆ చోటు అడుగున మళ్లీ ఇంకో మూత. దాన్ని ఎత్తి చూశాడు. రేకు పరిచిన లోతైన పెట్టె, బండి నేలను కోసి కిందికి వేలాడదీసినట్టుంది. అదీ ఖాళీయే. మూలల్లో తెల్లటి ఇసుక, రంపపు పొట్టు. నల్లరేగడి నేల మీది మిల్లులో ఏటి ఇసుకకు ఏం పని? ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. స్పిరిట్ వాసన కింద ఇంకేదో వాసన ఉంది. బాగా తెలిసిన వాసన. ఎక్కడిదో తట్టలేదు.

కిందికి దిగి బండి కింద దూరాడు. పెట్టె అడుగు సరిగ్గా ఇరుసు పైన ఉంది. గాలి పోయినా బండి పూర్తిగా కూలకుండా ఇరుసు మీద ఉండే రబ్బరు దిమ్మలను పెట్టె కోసం కోసిపారేశారు. ఇరుసుకూ పెట్టెకూ మధ్య సందులో వేళ్లు పెట్టాడు. నాలుగు పట్టాయి. మంచం పక్కపలకను ఒరుసుకుంటూ ఒక నల్లరబ్బరు పైపు తిత్తుల్లోకి దిగింది.

"మంచిగా మురికి పట్టింది స్వామీ, చొక్కాకి," అన్నాడు రంగనాథ.

చివరగా గురురాజ ముందు క్యాబిన్‌లోకి తొంగిచూశాడు. స్టీరింగు పక్కన గుండ్రటి గాలి మీటరు. దాని అద్దం మీద గోరంత తెల్లటి పట్టీ ముక్క అంటించి ఉంది, గాయాలకు వేసే పట్టీ. మీటరు ముల్లు సరిగ్గా ఆ పట్టీ మీదనే నిలబడి ఉంది.

"ఇదెవరు అంటించారు?"

"ఆ నర్సే. సెలైన్ సీసాకు అంటిస్తారు గదా గుర్తుకి, ఎంత దిగిందో తెలిసేదానికి? ఆ అలవాటు. ఖాళీ బండికి ముల్లు ఈడ ఉంటాదని గుర్తు పెట్టుకుంది. పేషెంటు ఎక్కినాక గాలి కారితే తెలియాలంట. పిచ్చిది."

గురురాజకు పిచ్చిది అనిపించలేదు. బండి ఎత్తు అబద్ధం చెప్పగలదు. ముల్లు చెప్పలేదు. బరువెంత ఉంటే గాలి అంత కావాలి. ఆ షెడ్డులో నిజం చెప్పే వస్తువు ఆ పట్టీ ముక్క ఒక్కటే.

"మిల్లంతా వెతకాలి నేను."

"వారంటు ఉందా?"

"లేదు."

"నాకూ లేదు, నీకూ లేదు. మనమిద్దరం ఒకటే జాతి." రంగనాథ దగ్గరికి వచ్చాడు. "కావాలంటే ముసలామెతో మాట్లాడుకో. మతి సరిగా లేదు. తరువాత నడువు."

* * *

రుద్రమ్మ వసారాలో మంచం మీద వెల్లకిలా ఉంది. మెడలో వెండి లింగకాయ. మనిషి ఎండిపోయింది గానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. గురురాజ తల దగ్గర కూర్చోగానే చెయ్యి పట్టుకుంది.

"పోలీసోనివా?"

"కాదవ్వా. మేరి కోసం వచ్చినాను."

"మెల్లగా మాట్లాడు." ఆమె తలుపు వైపు చూసింది. "వాడు యాడుండాడు, బళ్లారోడు?"

"షెడ్డులో. అవ్వా, గాలి బండి నీ కోసమే చేయించినారంట గదా. సుఖంగా ఉండాదా?"

"ఎవరికెరుక? నన్ను ఎక్కిస్తే గదా! ఆస్పత్రికి పోయినన్ని తూర్లు తెల్లబండే. ఎముకలన్నీ గలగలమంటాయి. నీలంబండి నీ కోసమే అమ్మా అంటాడు నా కొడుకు. నిన్న మొదటిసారి ఎక్కించబోయినారు. యెమ్మిగనూరులో నా కూతురింటికి పంపిస్తానని. ఎన్నడూ లేని ప్రేమ."

"తరువాత?"

"నర్సమ్మ ముందు పోయి బండి సూసొచ్చింది. వచ్చి 'అవ్వా, నిన్ను ఈ బండి ఎక్కనీయను' అనింది. నా కొడుకు యాలనన్నాడు. 'ఖాళీ బండి అంటిరి గదా, ముల్లు నా పట్టీ మీద లేదు, అంత పైకి యాల పోయింది? మంచం కింద ఏముండాది?' అనింది." ముసలామె మెడలోని లింగకాయను పిడికిట్లో పట్టుకుంది. "నేను కన్న కొడుకప్పా. వాని మొగం నేను గుర్తుపట్టలేకపోయినా."

"నువ్వు ఎక్కలేదు."

"నన్ను లోపలికి ఎత్తుకొచ్చేసినారు. బండి నిలబడిపోయింది. ఆ పిల్ల మళ్లా రాలే. ఒక కేక ఇనపడింది. ఒక్కటే."

"ఎవరినీ అడగలేదా?"

"కోడల్ని అడిగితే గొర్రె అరిచింది అత్తా అనింది." రుద్రమ్మ అతని చెయ్యి గట్టిగా నొక్కింది. "లింగం కట్టినోళ్లమప్పా మేము. పెంచేదీ లేదు, కోసేదీ లేదు. ఈ ఇంట్లోకి గొర్రె యాన్నుంచి వస్తాది?"

గురురాజ ఇంకా దగ్గరికి వంగాడు.

"రాత్రి గోడ అవతల పత్తి గోడౌన్లో దగ్గు ఇనపడింది. పత్తి పొట్టుకు దగ్గినట్టు. అంటే బతికే ఉండాది గదా? బిరీన పో అప్పా. నన్నడిగితే ఏమీ చెప్పలేదను. లేకుంటే ఈసారి నేనే గొర్రెనవుతా."

"ముగిసిందా ముచ్చట?"

రంగనాథ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. రుద్రమ్మ కళ్లు మూసుకుని "శివా, శివా, తుంటి పీకుతాంది" అని మూలగడం మొదలుపెట్టింది.

గురురాజ లేచాడు. గోడౌను తలుపు బద్దలు కొట్టాలంటే పోలీసులు కావాలి. గేటు దగ్గరి ఇద్దరూ కాపలా వదిలి రాలేరు. ఫిర్యాదు యెమ్మిగనూరులో ఉంది. తరువాతి బస్సుకు ఇంకా గంట.

అతని ఆలోచన చదివినట్టు రంగనాథ అన్నాడు. "యెమ్మిగనూరేనా? మగ్గాల బట్ట తెచ్చేదానికి ఖాళీ బండి పోతాంది. ముందు సీట్లో కూర్చో. గాలి బండి సుఖం నీకూ తెలియాల గదా."

"ఇంత మర్యాద ఎప్పటి నుంచి?"

"నీ మొగం తొందరగా ఇక్కడి నుంచి పోతే అదే నాకు సుఖం."

* * *

నీలంబండి వాకిట్లోకి వచ్చి ఉంది. గురురాజ వెనక్కి వెళ్లి చూశాడు. మంచం పైపలకలు బిగించేసి పరుపు పరిచారు. దిండు కూడా పెట్టారు. అది రోగి కోసం ఎదురుచూస్తున్నట్టుంది. బండి సమంగా ఉంది.

సమంగా ఉండడం ఇక్కడ సాక్ష్యం కాదు. చూడవలసింది ముల్లు.

క్యాబిన్‌లోకి ఎక్కాడు. మీటరు మీద ఒక ఎర్రగళ్ల తువ్వాలు కప్పి ఉంది. డ్రైవరు ఉరుకుందప్ప, ముప్పై దాటని సన్నటి మనిషి, స్టీరింగును రెండు చేతులా పట్టుకుని ఎదురుగా చూస్తున్నాడు.

"తువ్వాలు తీయప్పా, కిటికీ తుడుచుకుంటా."

"వద్దు సార్. ఎండకు రేకు కాలతాది." అతను ఇటు తిరగలేదు.

రంగనాథ కిటికీ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఇక్కడ పట్టుబడితే మేరిని గోడౌను నుంచి కూడా మాయం చేస్తారు. రోడ్డెక్కాక చూడవచ్చు. గేటు దగ్గర కానిస్టేబుళ్లున్నారు. గురురాజ తలుపు వేసుకున్నాడు.

బండి కదిలిందో లేదో తెలియలేదు. అంత మెత్తగా పోయింది. మలుపు తిరగగానే గేటు. ఆయన తువ్వాలు మీదికి చెయ్యి చాపేలోగా గిడ్డయ్య వెనక టైరు దగ్గరికి వంగి లేచి, నాలుగు వేళ్లు గాలిలోకి ఎత్తాడు.

"ఖాళీ!"

కానిస్టేబుల్ కిటికీలో గురురాజను చూసి సెల్యూట్ కొట్టాడు. మరో కానిస్టేబుల్ బండి వెనక వైపు అడుగు వేసి, మనవాడేలే అన్నట్టు వెనక్కి తగ్గాడు. అడ్డుకర్ర లేచింది. గురురాజ నోరు తెరిచేలోగా ఉరుకుందప్ప బండిని ముందుకు ఉరికించాడు.

అప్పుడు తెలిసింది ఆ మర్యాద ఎందుకో. గేటు దగ్గర పోలీసులు నిలబడ్డాక గిడ్డయ్య వేళ్లు ఒక్కటే చాలవు. నిన్న ముసలమ్మ పడుకోవలసిన బండి ఇది. రోగి ఉన్న బండిని ఎవరూ విప్పరు. రోగి దొరకలేదు. డిటెక్టివ్ దొరికాడు.

డ్రైవరు మెడ మీద చెమట ధారలు కడుతోంది. కళ్లలోకి కారిన చెమటకు ఓర్చుకోలేక, ఆలోచించకుండానే చెయ్యి చాపి తువ్వాలు లాగి ముఖం తుడుచుకున్నాడు.

మీటరు బయటపడింది.

తెల్లటి పట్టీ ఎక్కడ అంటించిందో అక్కడే ఉంది. ముల్లు దాన్ని విడిచి చాలా పైకి పోయింది.

"ఖాళీ బండికి ముల్లు అంత పైన యాల ఉండాదప్పా?" మేరి అడిగిన ప్రశ్నే ఆయన నోట వచ్చింది.

ఉరుకుందప్ప తువ్వాలు పళ్ల మధ్య కొరుక్కున్నాడు.

గుంతల రోడ్డు మొదలైంది. ఎదురుగా వస్తున్న ఎద్దులబండి ఎగిరెగిరి పడుతోంది. ఈ బండి మాత్రం నీళ్ల మీద పడవలా పోతోంది. గురురాజ తన జన్మలో ఇంత సుఖంగా ప్రయాణం చేయలేదు. ఇంతగా భయపడనూ లేదు. ఎందుకంటే ఇప్పుడు ప్రశ్న వేరే. తల్లిని తెల్లబండిలో గలగలలాడించిన కొడుకు, కుదుపు తగలకుండా ఇంత ఖర్చుపెట్టి మోయించేది దేన్ని?

ఏటి ఇసుక. రంపపు పొట్టు. బండి పక్కన బీడీ వెలిగించని రంగనాథ. ఆ వాసన.

దీపావళి మర్నాడు తెల్లారి వీధిలో వచ్చే వాసన అది.

"ఎన్ని ఉండాయి?" అన్నాడు.

"నేను లెక్కబెట్టలే అన్నా." సార్ పోయి అన్నా వచ్చింది. "దెబ్బ తగిలితే పేలే నాటుబాంబులు, ఇసకలో అణిచి పెట్టినారు. యెమ్మిగనూరు దాటినాక తోట కాడ దించుకుంటారు. నేను తోలేవాన్నే. పెండ్లాం బిడ్డలుండారు అన్నా. తోలనంటే ఆ పిల్లకు పట్టిన గతే..."

గురురాజ పక్క అద్దంలోకి చూశాడు. చాలా దూరంలో ఒక జీపు. రంగనాథది. గుంత దగ్గర ఈ బండి నిదానిస్తే అదీ నిదానిస్తోంది. కాపలాకు వచ్చేవాడు దగ్గరగా వస్తాడు. వీడు మాత్రం భయపడేవాడిలా దూరం పాటిస్తున్నాడు.

"నిదానంగా పోనీ. నేను చెప్పినప్పుడు ఆపు."

"ఆపితే వాడు..." ఉరుకుందప్ప కళ్లు మీటరు మీద ఉన్నాయి.

ముల్లు దిగుతోంది.

గంటల ముల్లు కదిలినట్టు మెల్లగా, కానీ ఆగకుండా పట్టీ వైపు దిగుతోంది. బరువు ఎక్కడికీ పోలేదు. పోతున్నది గాలి. వెనక నుంచి, ఇంజను చప్పుడు కింద, పాము బుసలాంటి సన్నటి చప్పుడు.

"అన్నా, గాలి పోతాంది! తిత్తులు పడిపోతే పెట్టె ఇరుసు మీద కూచుంటాది. తగిలిందంటే మనం ముగ్గురం ఈ రోడ్డు మీద..."

"ముగ్గురమా?"

డ్రైవరు స్టీరింగు మీదికి వంగిపోయాడు.

"ఈడ ఉన్నది ఇద్దరం గదప్పా. మూడోది ఎవరు?"

జవాబు వీపు వెనక నుంచి వచ్చింది. చెక్క మీద వేలి కణుపుతో కొట్టినట్టు, టక్, టక్, టక్.

"ఆపు! మెల్లగా. బ్రేకు తన్నొద్దు. ఇంజను ఆపొద్దు, మిషను గాలి కొడుతూనే ఉండాల."

బండి తూలకుండా నిలబడింది. మరుక్షణం ఉరుకుందప్ప తలుపు తోసి జొన్నచేలోకి దూకాడు. చెప్పులు రోడ్డు మీదే వదిలి పరుగెత్తాడు.

గురురాజ దిగి, వెనక చక్రాల మధ్య నేల మీద పడుకుని కిందికి పాకాడు. తారు వేడి మోచేతులను కాల్చింది. పెట్టె అడుగుకీ ఇరుసుకీ మధ్య వేళ్లు పెట్టాడు.

రెండే పట్టాయి.

"మేరీ! నేను మీ నాయన పంపిన మనిషిని. వినపడుతోందా?"

"వినపడతాంది సార్!" పైనుంచి గొంతు వచ్చింది. ఎండిపోయిన గొంతు, అందులో సంతోషం. "నిలబెట్టినా సార్ బండిని! నేనే! జేబులో కత్తెర వాళ్లు చూడలే. దాంతోనే చేతుల కట్లు కోసుకుని, నోట్లో గుడ్డ పీకేసినా. పలక సందులోంచి రబ్బరు పైపు చేతికి తగిలింది. గాలి లేకుంటే ఈ బండి పోదు గదా, అందుకే కోసేసినా."

తన కింద ఏముందో ఆ పిల్లకు తెలియదు.

నిజం చెబితే చేతులు వణుకుతాయి. చెప్పకపోతే చేతులు పనిచేయవు.

"మంచి పని చేసినావమ్మా. ఇప్పుడు ఇంకొక్క పని చెయ్యాల. నడుస్తున్న సెలైన్ ఆపాలంటే ట్యూబును ఏం చేస్తారు?"

"మడిచి నొక్కి పట్టుకుంటాం."

"ఆ పైపును మిషను వైపు కాదు, తిత్తి వైపు మడిచి పట్టుకో. ఎందుకని అడగొద్దు. గట్టిగా. కదలకుండా."

పలకల మీద ఏదో ఒరుసుకుంది. పైన ఇసుక సర్దుకున్న చప్పుడు. ఇరుసు మీద పెట్టె నీడ ఇంకొంచెం కిందికి దిగింది.

బుస ఆగిపోయింది.

వేలు పెట్టి చూశాడు. చూపుడువేలు ఒక్కటే పట్టింది. అదీ గోరు గీరుకుంటూ. ఇప్పుడు జాకీ పెట్టి బండిని ఎత్తితే చాలు. పాకుతూ బయటికి వచ్చి సీటు వెనక చూశాడు. జాకీ కట్టే తోలుపట్టీ విప్పి ఉంది. జాకీ లేదు. బండి ఎక్కడైనా ఆగితే లేపుకునే సాధనం ఉండకూడదని ఎవరో ముందే అనుకున్నారు.

"సార్," మేరి గొంతు ఇప్పుడు సంతోషంగా లేదు. "నా కింద ఇసక ఎందుకుండాది సార్? పటాసుల వాసన ఎందుకొస్తాంది?"

"ఎంతసేపు పట్టుకోగలవమ్మా?"

ఆమెకు అర్థమైంది.

"రాత్రంతా కట్టేసి ఉండారు సార్. వేళ్లు తిమ్మిరెక్కుతాండాయి."

గురురాజ తల తిప్పి రోడ్డు వెనక్కి చూశాడు. దూరాన ఆగి ఉన్న జీపులోంచి రంగనాథ దిగి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నాడు. బండి నిలబడింది. పేలలేదు. డ్రైవరు లేడు. ఆ లెక్క వేసుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

రంగనాథ వంగి రోడ్డు పక్క నుంచి పిడికెడంత రాయి ఒకటి ఏరుకున్నాడు. చేతిలో ఎగరేసి, బరువు చూసుకున్నాడు. పారేసి ఇంకా పెద్దది ఏరుకున్నాడు.

తరువాత జీపు ఎక్కి, విసరగలిగినంత దగ్గరికి రావడం మొదలుపెట్టాడు.